స్టాఫ్‌కు మాత్రమే

నేను ఒక ఇత్తడి తాళంచెవిని. పుట్టింది తాళాలకు పేరుపడ్డ అలీగఢ్‌లో, బతికింది జనగామ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో. ఎవరైనా మరిచిపోయి పట్టుకుపోతారని నాకు పొడవాటి తాడుతో జానెడు టేకు చెక్క కట్టి, దాని మీద ఎర్ర రంగుతో 'స్టాఫ్‌కు మాత్రమే' అని రాశారు. నేను తెరిచేది ఖజానా కాదు, ఉపాధ్యాయుల మరుగుదొడ్డి. అయినా హెడ్మాస్టర్ దామోదర్ సార్ నన్ను తన కుర్చీ వెనక మేకుకు తగిలించి బంగారంలా కాపలా కాసేవారు. పిల్లలు పాడుచేస్తారని ఆయన భయం.

నా కోసం అందరికంటే ఎక్కువగా వచ్చేది లెక్కల టీచర్ స్వరూప. మొదట్లో రోజుకు ఒకసారి, తర్వాత ఐదారుసార్లు. ఆమె చెయ్యి చెమటతో చల్లగా ఉండేది. చెక్కను కొంగు చాటున దాచుకొని నడిచేది. మనుషులు జలుబు చేస్తే ఊరంతా చెప్పుకుంటారు, పేగు నొప్పిని మాత్రం దొంగసొత్తులా దాచుకుంటారు.

ముందు డాక్టర్లు పేగులకు టీబీ అన్నారు. ఆరు నెలలు ఆ మందులు మింగినా తగ్గలేదు. హైదరాబాదులో మళ్లీ కెమెరా గొట్టంతో చూసి, ముక్క తీసి పరీక్షించి, క్రోన్స్ వ్యాధి అని తేల్చారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే పేగుల మీద తిరగబడుతుందట. అదుపులో పెట్టుకోవచ్చు, పూర్తిగా పోదు. స్టెరాయిడ్ మాత్రలకు ముఖం ఉబ్బితే, ఒళ్లు చేశావని తోటి టీచర్లు సంతోషించారు. ఒకావిడ మజ్జిగ తాగమంది, ఒకాయన ఆలోచనలు తగ్గించమన్నాడు. దామోదర్ సార్ మాత్రం తల ఎత్తకుండానే, "ఇయ్యాల ఇది ఆరోసారి గద మేడం" అనేవారు. నాకు నోరుంటే అప్పుడే జవాబు చెప్పేదాన్ని.

ఒక మంగళవారం ఆయన మండల ఆఫీసులో మీటింగుకు వెళ్తూ ఫైళ్లతోపాటు నన్నూ స్కూటర్ డిక్కీలో పడేశారు. జానెడు చెక్క కూడా ఆయన మతిమరుపును ఆపలేకపోయింది. ఆ పూట మూడో పీరియడ్‌లో స్వరూప పరుగున వచ్చి ఖాళీ మేకును చూసిందట. తర్వాత చీర మార్చుకోవడానికి ఇంటికి వెళ్లిందట. సాయంత్రం నేను మళ్లీ మేకెక్కాక అటెండర్ చెప్తుంటే విన్నాను. అంతకుమించి నేను చెప్పను. నా తప్పు లేకపోయినా సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు దామోదర్ సార్ క్షమించమని అడుగుతారనుకున్నాను. ఆయన టైంటేబుల్ ముందుకు జరిపి, "రేపటిసంది మీరు ఆరో తరగతి తీస్కోండ్రి మేడం. పదో తరగతిల నడుమల లేచిపోతే రిజల్ట్ ఏం గావాలె?" అన్నారు.

ఎనిమిదేళ్లుగా పదో తరగతి లెక్కలు ఆమెవే. ఒంట్లో ఏదీ మాట వినని రోజుల్లో కూడా ఆ క్లాసులో నిలబడితే ఆమెకు ధైర్యం వచ్చేది. అదీ పోతే మిగిలేది రోగం ఒక్కటే. ఆమె నన్ను మేకు మీది నుంచి తీసి, నా తాడు మెడలో వేసుకుంది. చెక్క గుండెల మీద ఊగుతుండగా వరండా పొడవునా అందరూ చూస్తుండగానే నడిచింది. ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

పదో తరగతిలో బోర్డు మీద మెలికలు తిరిగిన గీత ఒకటి గీసింది.

"ఇది పేగు. నా పేగుల పుండ్లున్నయి. దాని పేరు క్రోన్స్. అంటుకోదు, మందులు వాడుతున్న. కడుపుల తిప్పితే ఆగలేను, లెక్క సగంల ఉన్నా పోవాలె. నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుండ్రి, తర్వాత పాఠముంది."

ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో అఖిల అనే అమ్మాయి లేచింది. "టీచర్, ఆ తాళంచెవి మాకు గూడ ఇస్తరా? మా దాంట్ల నీళ్లు రావు. పోవాల్సొస్తదని పొద్దటిసంది మేం నీళ్లే తాగం."

నవ్వుకూ జాలికీ సిద్ధపడి వచ్చిన స్వరూప దీనికి సిద్ధంగా లేదు. సుద్దముక్క పక్కన పెట్టింది. రోజూ వాళ్ల కళ్ల ముందు నుంచే నన్ను పట్టుకుపోతూ, మీ సంగతేమిటని ఒక్కనాడూ అడగలేదు. తర్వాత గబగబా బయటికి నడిచింది. ఆడపిల్లలంతా వెంట వచ్చారు. నాతో తాళం తీసి, దాన్ని తీసుకెళ్లి హెడ్మాస్టర్ బల్ల మీద పెట్టింది.

"పదో తరగతి నాదే సార్. నేను లేచిపోతే వాళ్లు లెక్క చేస్కుంటరు. ఈ తాళం ఇగ పడదు."

మరి ఎవరు కడుగుతారని ఆయన అడిగారు. వంతులు వేసుకుంటామని, మొదటి వంతు తనదేనని చెప్పింది. గుమ్మంలో నిలబడ్డ ఇరవై మంది ఆడపిల్లలను చూసి, దామోదర్ సార్ కళ్లద్దాలు తుడుచుకొని టైంటేబుల్ వెనక్కి లాక్కున్నారు.

ఇప్పుడు నేను నిరుద్యోగిని. స్వరూప నా చెక్కతో బోర్డు మీద సరళరేఖలు గీస్తుంది. ఎర్ర అక్షరాలు సుద్దపొడికి అరిగిపోతున్నాయి. కడిగే వంతులు ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు, రోజూ గొడవే. ఆమె రోగమూ పోలేదు, రెండు వారాలకో ఇంజక్షన్ నడుస్తూనే ఉంది.

నిన్న త్రికోణమితి లెక్క సగంలో ఆమె ముఖం మళ్లీ ముడుచుకుంది. మిగతాది చేసి పెట్టమని చెప్పి, నన్ను బల్ల మీద పెట్టి, ఎవరినీ ఏదీ అడగకుండా తలుపు దాటింది. నేను క్లాసు వైపు చూశాను. నలభై రెండు తలలు లెక్క మీదే ఉన్నాయి. ఒక్కటి కూడా పైకి లేవలేదు.