అదే గోడ, వేరే రంగు

తొంభై ఆరులో ఆత్మకూరు బస్టాండు ఎదుటి గోడ మీద నా పేరు ఉండేది. నీలం రంగు అక్షరాలు, ఒక్కొక్కటి జానెడు. 'ఎముకల కోట జయించిన వీరుడు, ఉదయగిరి మాల్యాద్రి.' డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్నవాడికి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు ఏ యూనివర్సిటీ ఇస్తుంది?

ఆ గోడ ప్రేమానందమన్న వీడియో గేముల షాపుది. టీవీకి తగిలించి ఆడే క్యాసెట్లు మద్రాసు నుంచి తెచ్చేవాడు. వాటి మీది రాత ఏ భాషో మాకెవరికీ తెలియదు కాబట్టి పేర్లు మేమే పెట్టుకునేవాళ్లం. కాపలా వాళ్లంతా అస్థిపంజరాలు గనుక ఇది ఎముకల కోట. కొత్త ఆట వచ్చినప్పుడు దాన్ని ఎవరు ముందు ముగిస్తే వాళ్ల పేరు గోడకెక్కుతుంది, పాత పేరు సున్నం కిందికి పోతుంది. అది ఆ షాపు ఆచారం.

మా నాయన నన్ను పేరుపెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. 'ఆయన తిన్నాడా' అని మా అమ్మను అడిగేవాడు, అంతే. అలాంటి మనిషి ఎరువుల కోసం ఆత్మకూరులో బస్సు దిగి, గోడ చదివి, టీ అంగడతనితో 'అది మా పిల్లోడే' అన్నాడట. ఆ మాట నా చెవిన పడ్డ రోజు సంతోషంతో నాకు అన్నం సహించలేదు. ఆ గోడ నాకు ఎందుకంత కావాలో ఎవరికీ చెప్పలేదు.

డిసెంబరులో ఎముకల కోట రెండో భాగం వచ్చింది. ప్రేమానందమన్న ఆటోకు మైకు కట్టి సంగం దాకా చెప్పించాడు. క్రిస్మస్ దగ్గరపడింది కదా అని, ఆట మొదలుకాక ముందే గోడంతా సున్నం కొట్టించాడు.

"ఏందన్నా ఇది, నా పేరు యాడ?" అన్నాను.

"నువ్వే గదరా గెలిచేది. మళ్లా నీ పేరే రాస్తాను. రంగు గూడా తెచ్చిపెట్టినాను" అన్నాడు.

వాళ్లమ్మ లిదియమ్మ పాస్టరుగారిని పిలిపించింది. కుట్టుమిషను కొన్నా, మంచం కొన్నా ఆ ఇంట్లో ప్రార్థన లేనిదే ముట్టుకోరు. పాస్టరుగారు క్యాసెట్టు మీద చెయ్యిపెట్టి, ఆ పరికరము ద్వారా అనేకులు ఆనందించునట్లు దీవించమని వేడుకున్నాడు. బోరింగు వేసినప్పుడు చేసిన ప్రార్థన కూడా అదే. బోరింగులో నీళ్లు పడలేదు.

మొదటి భాగంలో ఏ గది గొప్ప దానిదే. ఒకదాంట్లో సాలీళ్ల బావి, ఒకదాంట్లో బానెడు నూనె కాగే వంటిల్లు, ఇంకోచోట వానలో జారే మిద్దె. తలుపు తీయాలంటే గుండె దడదడలాడేది. రెండో భాగంలో ఒక సందు, ఒక మెట్ల వరస, ఒక ఎముకలోడు, ఒక తలుపు. తలుపు తీస్తే ఆకుపచ్చ సందు, ఆకుపచ్చ మెట్లు, అదే ఎముకలోడు, తలుపు. అది తీస్తే ఎర్ర సందు.

నేను ఉదయగిరివాణ్ణి. మా కొండ మీద నిజం కోటే ఉంది. కూలిపోయి, ముళ్లచెట్లు మొలిచి కూడా అందులో ఒక మలుపు ఇంకో మలుపులా ఉండదు. ఈ ఆట చేసిన దొరలు చల్లగాలి గదుల్లో కూర్చుని, రంగుడబ్బా ఒకటి పట్టుకుని, ఒకే గదిని తిప్పి తిప్పి మా మొహాన కొట్టారు. పరీక్షలో ఏ ప్రశ్న వచ్చినా ఆవు వ్యాసం రాసే పిల్లకాయలు నయం, వాళ్లకు మార్కులు రావు, వీళ్లకు డబ్బులొస్తాయి.

మామూలుగా నేను ఆడేటప్పుడు నోరెత్తను. ఆరోజు నోరు ఆగలేదు.

"రండి రండి, కోట చూడండి. అన్ని గదులూ ఒకటే, అద్దెకిస్తారంట" అన్నాను.

షాపు నిండా జనం, అందరూ నవ్వారు. వాకిట్లో చిక్కుళ్లు ఒలుస్తున్న లిదియమ్మ తల పైకెత్తింది.

"ఏందిరా, ఇందాకటి గోడే గదా ఇది. రంగేసినారు."

"పండగ గదా పెద్దమ్మా, వాళ్లూ సున్నం కొట్టించుకున్నారు."

మళ్లీ నవ్వులు. నాకు ఆటకన్నా నవ్వించడం బాగుంది. ప్రేమానందమన్న ఒక్కడే నవ్వలేదు.

"కాస్త ఓర్చుకోరా. ముందుకు పోతే బాగుంటాదేమో" అన్నాడు.

"ముందు యాడుండాదన్నా, వెనకదే మళ్లా వస్తా ఉంటే?"

పొద్దు వాలేసరికి చూసేవాళ్లు కూడా ఆవులిస్తున్నారు. పసుప్పచ్చ సందు వచ్చింది. పసుప్పచ్చ మెట్లు. నాకు ఒళ్లు మండి ఆట ఆడే రిమోట్ చాప మీద పడేశాను.

"ఇంక నా వల్ల గాదు. బుద్ధున్నోడు ఎవడూ దీన్ని ఆడడు. ఇది గెలిచినోడి పేరు గోడకెక్కిస్తే, ఆ గోడకే అవమానం" అన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి.

ప్రేమానందమన్న చెల్లెలు ఏంజెలిన్ టీచరు ట్రైనింగు చదువుతూ సెలవులకు వచ్చి ఉంది. అప్పటిదాకా గోడకు చేరబడి చూస్తున్నదల్లా ముందుకు వంగింది.

"మాల్యాద్రన్నా, ఈ గదిలో ఎముకలోడు లేడే" అంది.

రిమోట్ తీసుకుని, మెట్లెక్కి, తలుపు తీసింది. బాకాలు మోగాయి. టీవీ నిండా టపాసులు పేలాయి. కిరీటం పెట్టుకున్న రాజొకడు వచ్చి వంగి దండం పెట్టాడు. ఆట అయిపోయింది.

ఆచారం ప్రకారం చివరి తలుపు తీసినవాళ్లే గెలిచినట్టు. అందరూ నన్ను చూశారు, నేను రిమోట్‌ను చూశాను.

"నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా నాయనా" అంది లిదియమ్మ, చిక్కుళ్ల చేట ఎత్తుకుంటూ.

ప్రేమానందమన్న రంగుడబ్బా మూత తీసి, చెల్లెలి పేరు రాయడానికి కుంచె ముంచాడు. ఏంజెలిన్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా పేరు వద్దన్నా. దీన్ని గెలిస్తే గోడకే అవమానమని మాల్యాద్రన్న ఇందాకే అనె, ఊరంతా వినె. బస్సు దిగినోళ్లు నన్ను చూసి నవ్వరా?"

"అయితే మాల్యాద్రి పేరు రాద్దునా?"

"ఆయన గెలవలేదు గదా."

ఇద్దరూ నావైపు తిరిగారు. పాత పేరే మళ్లీ రాయన్నా అని అడిగితే ప్రేమానందమన్న రాసేవాడే. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. పొద్దంతా అంత వాగిన నోటితో ఎలా అడగను? "ఎవరికి కావాలి లేన్నా ఆ గోడ" అన్నాను. చెప్పులేసుకుని ఉదయగిరి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపొచ్చింది. ఆ ఆట చేసినవాళ్లను వాళ్ల తాతల దాకా తిట్టుకుంటూ పోయాను. ఆట చెత్తదే, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.

మూత తీసిన రంగు ఎండిపోతుందని ప్రేమానందమన్న గోడ మీద తనకు తోచింది రాశాడు.

క్రిస్మస్ దాటాక నాయన ఎరువులకు ఆత్మకూరు వెళ్లొచ్చాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు.

"ఆ గోడ మీద కొత్తగా రాసినారు. నీలం రంగే" అన్నాడు.

"ఏం రాసినారు నాయనా?"

"ఈ గోడపై ప్రకటనలు అంటించరాదు" అని ఒక్కొక్క మాటే చదివినట్టు చెప్పాడు. "మన పంచాయితీ ఆఫీసు గోడ మీదా అదే గదా ఉండాది. దానికోసం అంత దూరం పోయి చూసొస్తినే."

లేచి లోపలికి వెళ్లాడు. 'ఆయన తిన్నాడా' అని అమ్మను అడగడం వినిపించింది.