చెవికి ఆనని ఫోన్

నేను ఒక ఫోన్‌ను. అయితే నన్ను కొనుక్కున్న మనిషి ఏనాడూ నన్ను చెవి దగ్గర పెట్టుకోలేదు. బియ్యం డబ్బాకి ఆనించి, మొహానికి ఎదురుగా, మూరెడు దూరంలో నిలబెట్టేది. ఎందుకో చెబుతాను. చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. బ్యాటరీ వేడి అనుకోకండి, కోపమే.

ఎక్కడో సముద్రాల అవతల ఒక పెద్ద షెడ్డులో, గుడ్డ టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు నన్ను బిగించారు. వెనక ఒక కన్ను, ముందు ఒక కన్ను. ముందు కన్ను బిగించిన అమ్మాయి నాలోకి తొంగిచూసి, తన జుట్టు సర్దుకుని నవ్వింది. నేను చూసిన మొదటి మొహం అదే. మనుషుల మొహాలు మనుషులకు చూపించడానికే పుట్టాననుకున్నాను. అందుకు కూడా ఒకరి అనుమతి కావాలని పలాస వచ్చాక తెలిసింది.

పలాసలో పట్నాయక్ గారి సెల్ షాపులో, అద్దాల బీరువాలో కొన్నాళ్ళు కూర్చున్నాను. ఒక సాయంత్రం అక్కా తమ్ముడూ ఆటో దిగి వచ్చారు. అక్క దమయంతి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. పుట్టుకతోనే చెవుడు, అందుకని మాట కూడా రాలేదు. తమ్ముడు లోకనాథం ఆటో నడుపుతాడు. అక్క సైగలను లోకానికీ, లోకం మాటలను అక్కకూ చేరవేసేది అతనే. కూతురికి కూడా వినపడదని తెలిసిన ఏడాదే దమయంతి మొగుడు ఇల్లు వదిలిపోయాడు. ఆ కూతురు పూర్ణిమను, ఏడేళ్ళ పిల్లను, రైలెక్కితే ఒక పూట ప్రయాణం దూరంలో ఉన్న బధిరుల బడిలో చేర్చి, నేరుగా షాపుకి వచ్చారు.

ఆ హాస్టల్‌కి ఒక నియమం ఉంది. మొదటి నెలంతా తల్లిదండ్రులు రాకూడదు. వస్తే పిల్లలు కొంగు పట్టుకుని వదలరు. ఆదివారం పొద్దున్న మాత్రం ఫోన్ చేసుకోవచ్చు.

"మా అప్పకి మాటలాడే ఫోను ఏటి సేసుకోడానికండి? మొకాలు కనపడేది ఇయ్యండి," అన్నాడు లోకనాథం.

పట్నాయక్ గారు నన్ను దమయంతి చేతిలో పెట్టి, తన ఫోన్‌ను లోకనాథానికిచ్చి షాపు వెనకగదిలోకి పంపారు. నా తెర మీద తమ్ముడి మొహం వెలిగింది. దమయంతి ఒక్క క్షణం బిత్తరపోయి, చూపుడువేలు కొక్కెంలా వంచి బుగ్గ మీద పెట్టి చూపించింది. వాళ్ళింట్లో అది పూర్ణిమ పేరు. పుట్టినప్పుడు పిల్ల బుగ్గ జీడిపప్పులా ఉందని తల్లి పెట్టుకున్న పేరు. తల్లికి కూతురు పెట్టిన పేరు కూడా ఉంది. బొటనవేలిని చూపుడువేలితో రుద్దడం. జీడిరసం అంటి నల్లబడిన తల్లి వేలిని, ఎంత బూడిద రాసి తోమినా తెల్లబడని ఆ వేలిని, పిల్ల పాలు తాగే వయసు నుంచీ రుద్దుతూనే ఉండేది మరి.

నన్ను కొన్నారు. నాలో ఒక సిమ్ వేశారు. దాని కవరు మీద "మీవాళ్ళంతా మీ అరచేతిలో" అని రాసి ఉంది. రాసినవాడి అరచెయ్యి ఎంత శుభ్రంగా ఉందో నాకు తెలియదు.

ఆదివారం వచ్చింది. దమయంతి తలస్నానం చేసి, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, నన్ను బియ్యం డబ్బాకి ఆనించి ఎదురుగా కూర్చుంది. లోకనాథం వార్డెన్ మేడం నంబరు నొక్కాడు. నా తెర మీద నాలుగు ముక్కలు ప్రత్యక్షమయ్యాయి. "మొబైల్ డేటాపై వీడియో కాల్స్ అనుమతించబడవు. దయచేసి వైఫైకి కలపండి."

నా మొహం మీద కనబడ్డాయి గానీ అవి నా మాటలు కావు. నా కన్ను బాగుంది. సిగ్నల్ నిండుగా ఉంది. డేటా కూడా దండిగా ఉంది. షాపులో వీడియో పనిచేసిందంటే అక్కడ పట్నాయక్ గారి వైఫై పెట్టె ఉంది కాబట్టి. కంపెనీ తన దారిలో మొహాల రాకపోకలకు అడ్డుకట్ట వేసిందని ఆయనకూ తెలియదు, వీళ్ళకూ తెలియదు.

లోకనాథం మామూలు కాల్ చేశాడు. అవతల ఆవిడ కంగారులో అలవాటు కొద్దీ ఫోన్‌ను తీసుకెళ్ళి పూర్ణిమ చెవికి ఆనించింది. చెవిటి పిల్ల చెవికి! నాకు అటునుంచి పిల్ల ఊపిరి ఒక్కటే వినపడింది. ఇటు తల్లి, ఏమీ కనబడని నా తెరకేసి చూస్తూ కూర్చుంది.

కాసేపటికి వార్డెన్ మేడమే మాట్లాడింది. "పాప అన్నం ముట్టడం లేదండీ. మా సైగలు ఇంకా అర్థం కావడం లేదు. ఏడవదు, అల్లరి చెయ్యదు, పొద్దస్తమానం బొటనవేలు రుద్దుకుంటూ కూర్చుంటుంది. దురదేమోనని మందు రాశాం. వచ్చే ఆదివారానికీ ఇలాగే ఉంటే తీసుకెళ్ళిపోండి. పిల్ల నీరసించి పడిపోతే నేను జవాబు చెప్పుకోలేను."

లోకనాథం ఆ మాటలను సైగల్లోకి మార్చి చెప్పాడు. బొటనవేలు దగ్గరకు వచ్చేసరికి తనూ అలాగే రుద్ది చూపించాడు. విడమర్చి చెప్పనక్కర్లేకుండానే దమయంతికి అర్థమైంది. కూతురు తనను పిలుస్తోంది. వాళ్ళు ఆ పిలుపు మీద మందు రాస్తున్నారు.

దమయంతి బడి మొహం ఎరగదు. పూర్ణిమ ఈడుకే ఫ్యాక్టరీలో పిక్కల బుట్ట ముందు కూర్చుంది. కూతురు వెనక్కి వస్తే ఆ బుట్ట ముందుకే వస్తుంది. ఆమెకున్న భయం అదొక్కటే.

మర్నాడు పని మానేసి కంపెనీ ఆఫీసుకి వెళ్ళారు. చల్లటి గది. కౌంటర్లో అమ్మాయి సంగతంతా విని, చిరునవ్వు చెదరకుండా, "కస్టమర్ కేర్‌కి కాల్ చెయ్యండి సార్. సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్ళే మాట్లాడాలి," అంది.

"ఆళ్ళంటే మా అప్పే. ఆవిడికి మాట నేదమ్మా."

"వాయిస్ వెరిఫికేషన్ తప్పనిసరి సార్."

లోకనాథం గొంతు పెంచాక మేనేజరు బయటికి వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. "వీడియో కాల్స్ వల్ల నెట్‌వర్క్ మీద బరువు పడుతుందండీ. అందరి సౌకర్యం కోసమే కట్ చేశాం. పెద్ద ప్లాన్ తీసుకుంటే..." అంటూ గోడకేసి చెయ్యి చూపించాడు. గోడకున్న తెర మీద వాళ్ళ సిమ్‌తోనే నడుస్తున్న క్రికెట్ మ్యాచ్. కింద మెరిసే అక్షరాల్లో, ఎక్కడున్నా లైవ్ చూడండి అని ప్రకటన.

"ఆ బంతి ఎగిరితే బరువు కాదేటి బాబూ? మా అప్ప సెయ్యి ఆడితే బరువొచ్చేసిందేటి?" అన్నాడు లోకనాథం.

మేనేజరు ఇబ్బందిగా నవ్వాడు. జాలి కూడా పడ్డాడు. "సరే, మీ కోసం ఒకటి చేస్తాను. ఈ నంబరుకి నెలంతా వాయిస్ కాల్స్ ఫ్రీ. ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు," అన్నాడు.

మనుషుల దయ గురించి నాకప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆకలన్నవాడికి దువ్వెన ఇస్తారు, పైగా దండం కోసం ఎదురుచూస్తారు.

లోకనాథం ఆ వరాన్ని అక్కకు సైగలతో చెప్పాడు. దమయంతి నన్ను కౌంటరు మీద పెట్టింది. మేనేజరు మొహానికి ఎదురుగా నిలబడి చేతులు ఎత్తింది. ఆ నల్లటి వేళ్ళు గాలిని కోశాయి, గుండె మీద చరిచాయి, బుగ్గ మీద కొక్కెమయ్యాయి, ఖాళీ కంచం చూపించాయి, గోడ మీది క్రికెట్‌ని వేలెత్తి నిలదీశాయి. వరసలో నిలబడ్డవాళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు. ఎంతకీ ఆపదు.

"ఏమంటున్నారు ఆవిడ?" అన్నాడు మేనేజరు, చెమట తుడుచుకుంటూ.

"ఎంతసేపైనా మాటాడుకోమన్నారు కదండి. ఫ్రీగా మాటాడతంది. వినుకోండి," అన్నాడు లోకనాథం.

సిమ్ మాత్రం మారలేదు. పెద్ద ప్లాన్ ఖరీదు పిక్కల కూలికి అందేది కాదు. వేరే కంపెనీకి పోదామంటే వాళ్ళ వీధికి దాని సిగ్నల్ రాదు. చివరికి పట్నాయక్ గారి దగ్గరికే వెళ్ళారు. సంగతి విని ఆయన నాలుక కరుచుకున్నారు. "ఆదివారం షాపు తియ్యకూడదురా లోకనాథం, వర్తక సంఘం కట్టుబాటు. పెట్టె మాత్రం ఆపకుండా ఉంచుతాను. అది షట్టరు దాటి రోడ్డు మీదికి కూడా వస్తాది," అన్నారు.

అలా ఆ ఆదివారం, మూసిన షట్టరు ముందు, ఆటో ముందద్దానికి నన్ను ఆనించారు. ఎండ నేరుగా దమయంతి చేతుల మీద పడుతోంది. నొక్కగానే తెర వెలిగింది. బడి ఆఫీసు గదిలో బల్ల మీద పూర్ణిమ. మొహం పీక్కుపోయింది. వార్డెన్ మేడం పక్కన అన్నం కంచంతో నిలబడి ఉంది.

పిల్ల మొదట నమ్మలేదు. తెర వెనక్కి వెళ్ళి చూసింది, అమ్మ అక్కడుందేమోనని. తిరిగి ముందుకొచ్చి బొటనవేలు రుద్దింది. ఇటునుంచి దమయంతి తన నల్ల బొటనవేలిని నా కంటి ముందు, తెరంతా నిండేలా పెట్టింది. తర్వాత వేలు తీసి బుగ్గ మీద కొక్కెం వేసింది. పిల్ల నవ్వింది. తల్లి ముద్ద కలిపినట్టు చెయ్యి కలిపి, తన నోటి దగ్గర పెట్టుకుంది. పిల్ల కంచం లాక్కుంది. ఇక్కడ ఉత్తి ముద్ద, అక్కడ నిజం ముద్ద. కంచం ఖాళీ అయ్యేదాకా తల్లి రోడ్డు మీద నిలబడి గాలి తింటూనే ఉంది. ముద్దకీ ముద్దకీ మధ్య, లోకనాథం అర్థాలు చెబుతుంటే, వాళ్ళింటి సైగలన్నీ వార్డెన్ మేడం తనూ చేసి చూసి నేర్చుకుంది.

చుట్టూ జనం మూగారు. "ఏటే, పిచ్చిదా?" అన్నారెవరో. లోకనాథం హారన్ మోగించి తరిమాడు.

పూర్ణిమ బడిలో నిలిచింది. నెల నిండాక తల్లి అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేది. మిగతా ఆదివారాలన్నీ షట్టరే. వాన వస్తే గొడుగు లోకనాథం పట్టేవాడు, చేతులు రెండూ ఆమెకు ఖాళీగా ఉండాలి కదా. జీతం ఇచ్చి కొన్న డేటా నాలో దండిగా పడి ఉండగా, కన్న కూతురిని చూసుకోవడానికి ఒక ఆడమనిషి దారినపోయేవాళ్ళ కళ్ళముందు నిలబడింది. దాని పేరు అందరి సౌకర్యం.

ఇప్పుడు నేను పట్నాయక్ గారి షాపులోనే పాత ఫోన్ల సొరుగులో ఉన్నాను. బ్యాటరీ ఉబ్బింది, ముందు కన్ను మసకబారింది. పూర్ణిమ కాలేజీకి వచ్చింది. తల్లికి కొత్త ఫోన్ కొంది, చదవడం కూడా నేర్పుతోంది. సంతోషమే. కానీ ఒక్కటి మాత్రం నాలో చల్లారదు.

పూర్ణిమ బడిలో చేరిన రెండో ఏడు, ఒక పండగ రోజు పొద్దున్న, బియ్యం డబ్బా పక్కన గజగజ వణికాను. కంపెనీ నంబరు. దమయంతి చూసింది, ఎప్పటిలాగే పచ్చబొత్తం నొక్కి, ఎదురుగా పెట్టి, మొహం కోసం ఎదురుచూసింది. మొహం రాలేదు. ఒక తియ్యటి గొంతు వచ్చింది. "శుభవార్త! ఈ రోజు నుంచి మా నెట్‌వర్క్‌లో ఎక్కడి నుంచైనా వీడియో కాల్స్ చేసుకోవచ్చు. మీ ఆనందమే మా ధ్యేయం."

ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. ఆ గొంతు మూడుసార్లు చెప్పి ఆగిపోయింది. దమయంతి నన్ను తిప్పి చూసి, కొంగుతో తుడిచి, పక్కన పెట్టింది.

లోకనాథానికి ఎవరో చెప్పేసరికి వానలు వెళ్ళి చలికాలం వచ్చింది. అప్పటిదాకా ప్రతి ఆదివారం ఆమె ఆ షట్టరు ముందు నిలబడుతూనే ఉంది. శుభవార్త విన్నది నేనొక్కదాన్నే. చెబుదామంటే నాకు చేతులు లేవు.