ద్వాలి పిడికిలి

లిఖిత వచ్చి గంటయింది. ఈ గంటలో ద్వాలిని ఒక్క మాటయినా పూర్తి చేయనిచ్చిన పాపాన ఎవరూ పోలేదు.

లిఖిత దివ్యాంగులకు సాయం చేసే ఒక సంస్థలో పనిచేస్తుంది. ములకలపల్లి అవతలి తండాలన్నీ స్కూటీ మీద తిరిగే పిల్ల. ఒళ్లో ట్యాబు పెట్టుకుని, "ఈసారి కొత్త పద్ధతమ్మా. ఆఫీసోళ్లు చెప్పుడు కాదు, ఎవరికేం కావాల్నో వాళ్లే చెప్పుకోవాలె. గదే ప్లాను" అని మొదలుపెట్టింది. మాట బంగారంలా ఉంది. చెప్పింది మాత్రం ద్వాలి తల్లి బాలితో. ఆ వెంటనే "ద్వాలక్కకు ఏం కావాల్నమ్మా?" అని అడిగింది కూడా బాలినే!

ద్వాలికి ఒళ్లు మండింది. తను పక్కనే మంచం మీద కూచుని ఉందిగా! ఇరవై ఆరేళ్ల మనిషి. పుట్టుకతోనే కాళ్లు నిలవవు, చేతులు బిగుసుకుపోతాయి, ఒక మాట బయటికి రావడానికి ఎంతోసేపు పడుతుంది. అయితే బుర్రకేం రోగం? తండాలో ఏ కోడలు ఎందుకు అలిగిందో, ఎవరి చేలో పందులు పడ్డాయో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"నా... కు..." అంది.

"ఆకలైతందంటది" అంటూ బాలి లేవబోయింది.

ద్వాలి తల అడ్డంగా ఊపేలోగా అన్న హాతీరాం అందుకున్నాడు. "కుట్టుమిషన్ రాయుండ్రి మేడం. మా అత్తగారి తండాల ఒకామెకు ఇచ్చిండ్రట."

కుట్టుమిషన్! సూదిలో దారం మాట దేవుడెరుగు, నోట్లో ముద్ద పెట్టుకోవడానికే తిప్పలు పడే చేతులవి. వదిన ఆర్నెల్లుగా జాకెట్లు కుట్టడం నేర్చుకుంటున్న సంగతి లిఖితకు తెలియదేమోగానీ, ద్వాలికి తెలియదా?

ఆమె అడగాలనుకున్నది వేరు. నెలల తరబడి మంచంలో పడుకుని దానికి మాటలు కూర్చుకుంది కూడా. ఇంటి వెనక నాలుగు గుంజలు పాతి, పాత చీర చుట్టిన చాటు ఉంది. రోజూ పొద్దున్నే బాలి ఆమెను ఎత్తుకెళ్లి, అక్కడి బండ మీద కూచోబెట్టి నీళ్లు పోస్తుంది. గాలికి చీర లేస్తుంది. బోరింగు దగ్గరికి వచ్చినవాళ్లు పలకరిస్తారు. బాలి కూతురి ఒంటి మీద సబ్బు రుద్దుతూనే జవాబులు చెబుతుంది. వచ్చింది పక్కింటి బిచ్యా తాతయినా సరే. "దాన్నెవరు చూస్తరే" అంటుంది. ఆ మాటకు ద్వాలి రోజూ సిగ్గుతో చచ్చిపోతోంది. ఆమెకు గోడలు కావాలి, పట్టుకోవడానికి ఇనుప రాడ్డు కావాలి, తలుపుకు లోపలివైపు గడియ కావాలి. ఎడమ చెయ్యి కాస్త ఆడుతుంది, చెంబు ఎత్తగలదు. తన ఒళ్లు తను కడుక్కోవాలి.

"స్నా... నం..." అంది, ప్రాణమంతా కూడగట్టుకుని.

"పోసిన మేడం, పొద్దుగాలనే పోసిన" అని బాలి కంగారుగా చెప్పింది. "ఇరవై ఆరేండ్లాయె, ఒక్కనాడు తప్పలే."

అబద్ధం కాదు. జ్వరంతో వణికిన రోజు కూడా పోసింది. ద్వాలి నోరు కట్టేస్తున్నది అదే. అటువంటి తల్లి మీద కోపం తెచ్చుకోవడమెలా? తెచ్చుకోకుండా బతకడమెలా?

'శుభ్రత బాగుంది' అని లిఖిత ట్యాబులో నొక్కింది. ప్లాన్లు ఆఫీసుకు పంపడానికి ఇవాళే ఆఖరు రోజు. తండాలో సిగ్నల్ లేదు, అయిదులోపు రోడ్డెక్కాలి. కుట్టుమిషన్ అని రాసేసి, సంతకాల కాగితం తీసి, ఇంకు డబ్బా మూత తెరిచింది.

"వేలిముద్ర ఒక్కటి పెట్టిస్తే అయిపోతదమ్మా."

పింఛను కాగితమైనా, ఇంకోటైనా, కూతురి బొటనవేలు పట్టుకుని అద్ది నొక్కేది బాలే. అలవాటు కొద్దీ చెయ్యి అందుకుంది.

ద్వాలి పిడికిలి బిగించింది.

"అయ్యో, నరాలు పట్టినయ్" అంది బాలి.

"గట్లనే అయితది మేడం, జర ఆగుండ్రి" అని హాతీరాం లోపలికి వెళ్లి కొబ్బరినూనె తెచ్చాడు. తల్లీ కొడుకూ కలిసి మణికట్టు నుంచి వేళ్లదాకా రాయడం మొదలుపెట్టారు. లిఖిత కూడా లేచి వచ్చి, ట్రైనింగులో నేర్పినట్టు మోచెయ్యి నిమిరింది. ఎంత ప్రేమో ముగ్గురికీ! ద్వాలి ఇంకా బిగించింది. గోళ్లు అరచేతిలో దిగుతున్నాయి. ఈ మనిషి వద్దంటోందేమో అన్న అనుమానం ఒక్కరికంటే ఒక్కరికి రాదే!

"నరా... లు... కాదు!" అని అరిచింది. "నే... నే! నేనే... బిగించిన!"

ముగ్గురి చేతులూ ఆగిపోయాయి.

లిఖిత మొహం ఎర్రబడింది. మంచం ముందు నేల మీద కూచుని, మొదటిసారి ద్వాలి కళ్లలోకి చూసింది. "ఏం కావాలె అక్కా?"

బాలి నోరు తెరిచింది.

"మీరాగుండ్రమ్మా" అంది లిఖిత.

పది నిమిషాలు పట్టింది. హాతీరాం రెండుసార్లు మాట అందించబోయి నాలుక కరుచుకున్నాడు. గోడలు, రాడ్డు, లోపల గడియ. లిఖిత కుట్టుమిషన్ కొట్టేసి అవి రాసింది.

"లోపల గడియ ఎందుకే?" అంది బాలి చివరికి. "నేనేమన్న పరాయిదాన్నా?"

దీనికి ద్వాలి మాటలు కూర్చిపెట్టుకోలేదు. నూనె చేత్తోనే తల్లి కొంగు పట్టుకుని, తమ లంబాడీ మాటలో అమ్మా అని పిలిచింది.

"యాడీ... నువ్వు... పోసుకునేటప్పుడు... ఎవరినన్న... రానిస్తవా?"

బాలి కూతురి వేళ్లను కొంగు మీంచి మెల్లగా విడిపించింది. ఇంకు డబ్బాను కూతురి ఎడమ చేతి పక్కకు జరిపి, తన చేతులు వెనక్కి తీసుకుంది.