నడుం కదలకుండా

నా మనవడు శివకృష్ణ బ్యాగు నేనే సర్దాను. రెండు జతల బట్టలు, చెనక్కాయల పొడి, తలనొప్పి మాత్రలు. అడుగున రెండు పట్టు ముక్కలు మడిచి పెట్టాను. ఒకటి వాడు పోయినేడు సెలవులో నేసింది. దాంట్లో ఒక్క పోగూ తప్పలేదు. రెండోది ఈ నెల నేసింది, సరిహద్దులో వాడి పక్కనే గుండు పేలిన తర్వాత. జానెడు గుడ్డలో మూడు తప్పులు.

హిందూపురం ఆసుపత్రిలో ఒక పలక పెట్టారు. దాని మీద నిలబడితే మనిషి ఎంత ఊగుతాడో చెబుతుందట, తలకు తగిలిన చిన్న దెబ్బలు కూడా అట్లా బయటపడతాయట. ఆ పలకను నమ్మొచ్చో లేదో ఇంకా చూస్తున్నారు. అయినా వీడిని డ్యూటీకి పంపేది లేనిది దాని కాగితమే తేల్చాలన్నారు. పాసైతే అట్నుంచి అటే బెంగళూరు రైలు.

ధర్మవరంలో రైలెక్కాం. పెనుకొండలో నీళ్ళకు దిగినవాడు వేరే పెట్టెలో ఎక్కాడు. హిందూపురం దగ్గర పడేదాకా నా దగ్గరికి రాలేదు.

"మన పెట్టె యాడుండాదో మర్చిపోయినా అవ్వా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పరీక్ష చేసే డాక్టరు మాధవీలత. చిన్నపిల్ల, మర్యాద తెలిసిన మనిషి. పట్టు ముక్కలు ఆమె చేతిలో పెట్టి తప్పులు చూపించాను. ఫారంలో గుడ్డ గురించి రాసే చోటు లేదంది. దెబ్బ తగలకముందు వీడు ఎంత ఊగేవాడో రాసిపెట్టారా అని అడిగాను. లేదట. వేరే ఆరోగ్యవంతుల లెక్కతో పోలుస్తారట.

"మగ్గం గుంతలో పెరిగినోడమ్మా వీడు. వాళ్ళతో ఎట్ల పోలుస్తావు?"

ఆమె వాడిని పలక ఎక్కించింది. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంది. వాడు పక్కకు ఒరిగాడు. తెర మీద చుక్క అటూ ఇటూ పరుగెత్తింది. నేను నోరు మూసుకుని ఉంటే చాలు, వాడు ఇంటికొచ్చేవాడు. కానీ ఏడేళ్ళప్పుడు మగ్గంలో కూర్చోబెట్టి రోజూ చెప్పిన మాట నోరు జారింది.

"నడుం కదిలించద్దురా. పని కాళ్ళదే."

వాడి వీపు నిటారుగా అయింది. చుక్క ఆగిపోయింది.

నేను మాట్లాడినందుకే అట్లా అయిందని, మళ్ళీ పెట్టమని బతిమాలాను. ఆమె మంచిది, ఇంకో రెండుసార్లు పెట్టింది. ఇక వాడికి కిటుకు గుర్తొచ్చేసింది. రెండుసార్లూ చుక్క కదల్లేదు. పెనుకొండ సంగతి చెప్పాను. ఈ పలక చూసేది నిలకడ ఒక్కటేనంది. కాగితం మీద సరిపోయాడని రాసింది.

"చూసినావా అవ్వా, నాకేం కాలేదు" అన్నాడు శివకృష్ణ. బల్ల మీది పట్టు ముక్కలు తీసి నా చేతికిచ్చి, స్టేషనుకు నడిచాడు.

డ్యూటీలో చేరాక కొండ మీద పహారాలో వాడికి కాలు తప్పింది. నా మనవడు శివకృష్ణ తిరిగి రాలేదు. ఆ రోజు 2023 డిసెంబరు 12, మంగళవారం.