మూడో గాజుపలక

లీలమ్మ సంచి అడుగున రెండు పాత చీరలు పరిచి, వాటి మధ్య కెమెరా సర్దింది. పైన రవికలు పెట్టింది, వాటి పైన అమ్మ కోసం కొన్న అటుకుల మూట. ఫోటో పడే గాజుపలకలు వెలుతురు సోకని చెక్క చట్రాల్లో ఉన్నాయి. వాటిని తువ్వాలలో చుట్టి పక్కన దోపింది.

"మూడేనా?" అంది.

"మూడే ఉన్నయి. పట్నం నుంచి సరుకు వస్తలేదు," అన్నాడు భర్త అమరేందర్. నల్లగొండలో ఫోటో దుకాణం అతనిది. పెళ్లయిన ఏడేళ్లలో చీకటి గదిలో పలకలు కడిగి కడిగి లీలమ్మ కూడా పనంతా నేర్చుకుంది. "అయినా మీ అమ్మోళ్ల గొర్ల కొట్టంల ఏం వెలుతురుంటది? మెరుపు పొడి వెలిగియ్యకుంటే ముఖం రాదు."

"పొడి వెలిగిస్తే పొగ ఊరవతలికి కనబడ్తది. దొరికిపోవాల్నా?"

"అయితే నల్లమబ్బును పట్టుకొస్తవు."

"కడిగేది మీరే గద. కడిగినంక జెప్పుండ్రి."

అతనే వెళ్లేవాడు కానీ, కెమెరా పట్టుకున్న మగవాడు ఊరు దాటితే పోలీసులు ఎక్కడికని నిలదీస్తున్నారు. తల్లిగారింటికి పోయే ఆడదాన్ని ఎవరూ అడగరు.

అది 1948 ఏప్రిల్. లీలమ్మ తమ్ముడు ఐలేశం ఆ సాయంత్రమే నిజాం మీద పోరాడే దళంలో కలవడానికి పోతున్నాడు. పానగల్ చుట్టుపక్కల గొల్లసుద్దులు చెప్పేవాళ్లలో వాడికి సాటి లేరు. వాడు సుద్దులు చెబుతుండగా ఒక్క ఫోటో తీయాలని ఆమె పట్టుబట్టింది. నాయిన పోయి ఎనిమిదేళ్లు. ఆయన నడక గుర్తుంది, దగ్గు గుర్తుంది. ముఖం మాత్రం ఎంత తలచుకున్నా రాదు. తమ్ముడి ముఖాన్ని అలా పోనివ్వదలచుకోలేదు.

పోలీసులకు, రజాకార్లకు జడిసి, ఆ రోజుల్లో వాకిట్లో సుద్దులు చెప్పించుకునే ధైర్యం ఎవరికీ లేదు. గొర్లు మేతకు పోయిన తల్లిగారింటి కొట్టంలో, తలుపు వేసి, ఇరవై మంది కూర్చున్నారు. ఉన్నది పడమటి గోడలో ఒక్క చిన్న కిటికీ. లీలమ్మ చుట్టూ చూసి, వాకిట్లోని రోలు దొర్లించుకు రమ్మంది. దాన్ని కిటికీ కింద బోర్లించి, పైన కెమెరా పెట్టింది. రోలంత కదలని పీట ఇంకేముంటుంది?

ఐలేశం గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టి, తూర్పుకు తిరిగి మల్లన్నకు మొక్కాడు. కిటికీ వీపు వెనక పడింది. ముఖం చీకటి వైపు ఉంది. లీలమ్మ కదల్లేదు. మొదటి పాట అంతా వింటూ కూర్చుంది.

"ఏందక్కా, నీ డబ్బకు నిద్రబట్టిందా?" అన్నాడు వంత పాడే జానయ్య. అందరూ నవ్వారు.

"నువ్వు పాడితే దేనికైనా పడ్తది," అంది ఆమె.

ఆమెకు కావలసింది దొరికింది. మొక్కు అయ్యాక ఐలేశం గుండ్రంగా తిరుగుతూ చెబుతాడు. ఒక్కో చరణానికి నాలుగు దిక్కులా నాలుగుసార్లు ఆగుతాడు. నాలుగోసారి పడమటికి తిరిగి, గజ్జెల కాలితో ఒక్క దెబ్బ కొట్టి, కర్ర ఎత్తి బిగబట్టి నిలుచుంటాడు. వంతవాళ్లు మాట అందుకునేదాకా కదలడు. చిన్నప్పటి నుంచీ అంతే. కిటికీ వెలుతురు ముఖం మీద పడేదీ అప్పుడే. కెమెరా కన్నును పూర్తిగా తెరిచినా ఈ చీకట్లో రెండు లెక్కపెట్టేంతసేపు కావాలి. ఆ రెండూ అక్కడున్నాయి.

రెండో పాటలో ఆమె కెమెరా కన్ను మీది మూత తీసింది. అది చూసి ఐలేశం పాట ఆపేశాడు. కళ్లు పెద్దవి చేసి, తహసీలు కచేరీలో హాజరైనట్టు నిలబడ్డాడు.

"తమ్మీ, నిన్నెవరన్న పట్టుకపోతున్నరా? గట్ల బిగుసుకున్నవేందిరా?"

"గా కన్ను నన్నే మింగేటట్టు చూస్తాందక్కా!"

ఒక పలక పోయింది. రెండోసారి సరిగ్గా మూత తీసేసరికి, తానూ ఫోటోలో పడాలని జానయ్య తాళాలతో సహా కిటికీకి అడ్డంగా జరిగాడు.

"నీ వీపు మస్తుగ వచ్చింది జానయ్యా," అంది లీలమ్మ.

తల్లి గుర్వమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "పోనీ బిడ్డా. పొద్దుగుంకుతాంది. వాడు బువ్వ తిని పోవాలె."

లీలమ్మ వీపు అందరి వైపూ పెట్టి, మూడో పలకను కెమెరాలోకి జారవిడిచింది. తర్వాత చేతులు దులుపుకుంది.

"అయిపోయినయి తమ్మీ. ఇగ నీకు నచ్చినట్టు చెప్పుకో."

"బతికిన!" అన్నాడు ఐలేశం. అప్పుడు అందుకున్నాడు పాట. కొట్టం దద్దరిల్లింది. గొర్రె తప్పిపోయిన గొల్లది ఏడుస్తుంటే ఆడవాళ్లు ఏడ్చారు, దొర గొర్రెను అడిగి అబాసుపాలైతే మగవాళ్లు తొడలు చరిచారు.

లీలమ్మ రోలు పక్కన, తమ్ముడి వైపు చూడకుండా నిలబడి అమ్మతో మాట్లాడుతోంది. కుడిచెయ్యి మాత్రం వెనక్కి పోయి మూత మీద ఉంది. ఉత్తరాన ఆగాడు. తూర్పున. దక్షిణాన. గొంతు ఎటు తిరిగిందో ఆమెకు చెవితోనే తెలుస్తోంది. గజ్జెలు ఒక్క దెబ్బ వేసి ఆగాయి. మూత తీసింది.

"ఏంది బిడ్డా, నోట్లె గొణుగుతున్నవు?"

"రెండు," అంది లీలమ్మ, మూత పెట్టేస్తూ.

మర్నాడు నల్లగొండలో అమరేందర్ పలక కడిగి, ఎర్రదీపం ముందు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. గజ్జెల కాలు చెదిరింది, కర్ర కొస చెదిరింది. ముఖం మాత్రం కనుబొమ్మల వెంట్రుకలతో సహా నిలిచింది. పాటలో తెరుచుకున్న నోరు అట్లాగే ఉంది.

"ఎట్ల చూసి తీసినవే?"

"చూడలే. విన్న."

ఆ పలక నుంచి తీసిన అచ్చు ఒకటి గుర్వమ్మకు చేరింది. ఐలేశంతో పాటే దళానికి పోయిన జానయ్య, పోలీసు చర్య అయిన రెండో నెలలో ఇల్లు చేరాడు. ఐలేశం చేరలేదు. దళంలోనే ఉండి, 1949 జనవరిలో మర్రిగూడ అవతలి గుట్టల్లో చనిపోయాడు.