నడిమి గుంజ

చేపలు కావాలన్నది మా వారు. చేపలకు ఇల్లు కావాలన్నదీ ఆయనే. ఆ ఇంటికి కాళ్ళు కూడా కావాలన్న సంగతి మాత్రం, గాజుతొట్టె వచ్చి మా హాల్లో ఐదడుగుల పొడవున పడుకున్నాక గాని ఆయనకు తట్టలేదు.

"మన టీవీ బల్ల ఉందిగా, దాని మీద పెట్టేద్దాం" అన్నారు.

"టీవీలో నీళ్ళుండవండీ" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. నేను సబబుగా మాట్లాడినప్పుడల్లా ఆయనకు కోపం వస్తుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. నేను డిగ్రీలో ఫిజిక్సు చదివాను. పెళ్ళయిన ఈ పన్నెండేళ్ళలో ఆ చదువు, పాలు ఎప్పుడు పొంగుతాయో పసిగట్టడానికి తప్ప మరి దేనికీ అక్కరకు రాలేదు. అందుకని క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనక వైపు లెక్క వేశాను. పొడవు ఐదు, వెడల్పు ఒకటిన్నర, ఎత్తు రెండు. పదిహేను ఘనపుటడుగులు. అడుగుకు ఇరవై ఎనిమిది కిలోల చొప్పున నీళ్ళే నాలుగు వందల ఇరవై కిలోలు. గాజు ఓ తొంభై, అడుగున పోసే గులకరాళ్ళు ఓ యాభై. మొత్తం ఐదు వందల అరవై. అంటే మా అత్తగారి వైపు వాళ్ళు ఎనిమిది మంది వచ్చి బల్ల మీద కూర్చుని, ఇక ఎప్పటికీ లేవకపోవడం.

ఈ ఉపమానం ఆయనకు చెప్పలేదు. లెక్క మాత్రం చూపించాను. "సరే, వడ్రంగిని పిలుస్తా" అన్నారు, ఆ మాట తనకే తట్టినట్టు.

వచ్చిన మేస్త్రిని మా పేటలో అందరూ మూలమట్టం అంటారు. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఆ పనిముట్టు ఆయన చేతిలోంచి దిగదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గుమ్మానికి ఆనించి చూసి, "పావంగుళం వాలింది" అని పెదవి విరిచాకే లోపలికి వస్తాడు. మా గుమ్మాన్నీ వదల్లేదు. ఆ తర్వాత నా లెక్క కాగితం రెండుసార్లు చదివాడు.

"ఎవరేశారమ్మా ఇది?"

"నేనే."

"బరువు ముందు కనుక్కుని పిలిచినవాళ్ళు, నా ముప్పై ఏళ్ళ పనిలో మీరొక్కరే. అందరూ రంగు ముందు చెప్తారు."

పెళ్ళిలో కూడా నన్నెవరూ అంతగా పొగడలేదు. వెనక వసారాలో తొమ్మిది రోజులు పని జరిగింది. ఆ తొమ్మిది రోజులూ నా వంట మాడిన వాసనే. మేస్త్రి ఒక్కో కర్ర కోసే ముందు "ఏమంటారు?" అని అడిగేవాడు. నేను అనేదాన్ని. ఆయన విని, తల ఊపి కొన్నిసార్లు, "కాదమ్మా" అని కొన్నిసార్లు, తను అనుకున్నదే చేసేవాడు. కానీ అడిగేవాడు.

కాళ్ళను చట్రానికి పక్కనుంచి స్క్రూలతో బిగించకూడదని ఆయన నేర్పాడు. చట్రం వచ్చి కాలి తల మీదే కూర్చోవాలి. "బరువు చెక్క మీంచి చెక్కలోకి దిగాలి. స్క్రూకి వేలాడకూడదు. స్క్రూ పని పట్టుకోవడం, మొయ్యడం కాదు." నీళ్ళ గురించీ ఆయనే చెప్పాడు. "ప్లైవుడ్ మీద నీళ్ళు ముఖాన పోస్తే ఏం కాదమ్మా. అంచుల్లోంచి దూరతాయి, చుట్టాల్లాగ. ఒకసారి దూరాక ఇక ఉబ్బడమే." అందుకని ప్రతి అంచుకూ ముందు జిగురు పట్టించి, అది ఆరాక మూడు పూతలు వార్నిష్ వేశాడు. కీళ్ళలో సిలికాన్ కుక్కాడు. కాళ్ళ కింద రబ్బరు బిళ్ళలు. హాలు తుడిచిన తడి నీళ్ళు కూడా కర్రను తాకకూడదట. పైన గాజు ఆనేచోట పల్చటి థర్మాకోల్ షీటు. చిన్న ఎత్తుపల్లాలేమైనా ఉంటే అది మింగేస్తుంది.

ఇక నడిమి గుంజలు. ఐదడుగుల పొడవు మధ్యలో ఆధారం లేకుండా ఉండకూడదని నా లెక్క, ఆయన అనుభవం ఒక్కటే మాట చెప్పాయి. ముందు ఒకటి, వెనక ఒకటి.

నాలుగో రోజు మా వారు ఆఫీసుకు వెళుతూ వసారాలోకి తొంగి చూశారు.

"ఇదేంటి, మధ్యలో గుంజేంటి? గేదెను కట్టేస్తామా?"

"బరువుకి సార్" అన్నాడు మేస్త్రి.

ఆయన ఫోను తీసి ఒక బొమ్మ చూపించారు. ఏదో దేశంలో, ఎవరిదో హాల్లో, మూడు తలుపుల స్టాండు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ. "ఇలా ఉండాలి. ఇందులో గుంజ ఉందా?"

మేస్త్రి ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఇది ఇనుప చట్రం సార్. పైన చెక్క తొడిగారు."

"ఇనుముకి చెక్క తీసిపోయిందా? పాతకాలంలో ఓడలు దేంతో కట్టారు?"

"ఓడలు నీళ్ళ మీద ఉంటాయండీ, ఇక్కడ నీళ్ళే దీని మీద ఉంటాయి" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆయన నా వైపు చూడకుండా మేస్త్రితో, "లెక్కలు వంటింట్లో చేసుకోమను. నాకు మధ్యలో గుంజ కనబడకూడదు. అంతే" అని చెప్పి వెళ్ళిపోయారు.

మేస్త్రి రంపం కింద పెట్టాడు. "తీసెయ్యమంటారా?"

"తీసేస్తే ఏమవుతుంది?"

"వెంటనే ఏం కాదమ్మా. అదే వచ్చిన చిక్కు. చట్రం రోజుకింత కుంగుతుంది. కంటికి తెలీదు. చెక్క వంగుతుంది, గాజు వంగదు. ఓ రోజు పగులుతుంది."

వాదించి ఉండొచ్చు. కానీ పన్నెండేళ్ళ కాపురంలో ఆయన గురించి నేను నేర్చుకున్న ముక్క ఒకటుంది. ఇంకోసారి కాదంటే, వెనక గుంజ కూడా పీకించేస్తారు. అందుకని మేస్త్రితో అన్నాను. "మూడు తలుపులు పెట్టండి. బొమ్మలో ఉన్నట్టే. నడిమిది మాత్రం తెరుచుకోకూడదు."

మేస్త్రి పెద్దగా నవ్వాడు. "దొంగ తలుపా?"

"కనబడకూడదన్నారు. కనబడదు."

ఆలోచన నాది. దాని వల్ల తర్వాత జరిగిందీ నా చేతులారా చేసుకున్నదే. బందులు, పిడి అన్నీ పెట్టి, నాలుగు స్క్రూలతో నడిమి తలుపును చట్రానికి బిగించి, స్క్రూ తలల మీద మైనం మెత్తాడు. దానికి ముందు చెవి మీంచి పెన్సిలు తీసి నా చేతికిచ్చాడు.

"గుంజ మీద లెక్క రాయండమ్మా. కింద మీ పేరు రాయండి."

"ఎందుకు?"

"నా పద్ధతి. కొలత ఎవరు చెప్తే వాళ్ళ పేరు లోపలి కర్ర మీద ఉండాలి. ఎప్పుడైనా విప్పి చూస్తే, ఎవర్ని తిట్టాలో ఎవర్ని మెచ్చుకోవాలో తెలియాలి కదా. పెన్సిలు మీద వార్నిష్ పడిందంటే ఇక చెరగదు."

పొడవు, వెడల్పు, ఎత్తు, కిలోలు, అన్నీ రాసి కింద నా పూర్తి పేరు రాశాను. పరీక్ష కాగితాల తర్వాత నా పేరు పూర్తిగా రాసుకోవడం అదే మొదటిసారి అనుకుంటా. మేస్త్రి దాని మీద వార్నిష్ పూసి, ఆరేదాకా విసనకర్రతో విసిరాడు.

తొట్టె ఎక్కించిన రోజు మా వారు నడిమి తలుపు లాగి చూశారు. రాలేదు.

"సీలు వేశాను సార్. తడి తగలకుండా" అన్నాడు మేస్త్రి.

"ఎప్పటికి వదులవుతుంది?"

"అది చెక్క ఇష్టం సార్."

మా వారు మళ్ళీ దాని జోలికి పోలేదు. అసలు ఏ తలుపు జోలికీ పోలేదు. ఎడమ తలుపు వెనక ఫిల్టరు డబ్బా ఉంది. ప్రతి ఆదివారం దాన్ని తీసి కడిగేది నేను. కుడి తలుపు వెనక చేపల మేత ఉంది. వేసేది నేను. చేపలను చూసేది ఆయన.

వచ్చినవాళ్ళకు చూపించేదీ ఆయనే. "మా ఆవిడ ఒకటే భయపడిపోయింది. మధ్యలో గుంజ పెట్టకపోతే కూలిపోతుందని కాగితాల మీద కాగితాలు లెక్కలు. నేను తీసి పారెయ్యమన్నాను. చూశారా, వెంట్రుకవాసి కదల్లేదు!" వాళ్ళు నవ్వేవారు. నేను బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. ఆయన ఒక చెయ్యి స్టాండు మీద ఆనించి ఈ మాట చెప్పేవారు. సరిగ్గా నా గుంజ ఉన్నచోట. మొదట్లో నాకూ నవ్వొచ్చేది. నాలుగైదుసార్లు విన్నాక నవ్వు పోయింది. ఏదో ఒక రోజు ఆయనే వంగి, ఎడమ తలుపు తెరిచి లోపలికి చూస్తారు, అప్పుడు మాట్లాడుకుందాం అనుకున్నాను. ఎనిమిది నెలలు గడిచాయి. ఆయన వంగలేదు.

అప్పుడు మా ఆడపడుచు వచ్చింది. పక్క వీధిలోనే ఉంటుంది. మనిషి మంచిది, వాళ్ళన్నయ్య మాట వేదం. వాళ్ళ పాపకు ఏడాది నిండింది. దొరికినదల్లా పట్టుకుని లేచి నిలబడుతోంది. మా స్టాండు పట్టుకుని నిలబడి, చేపలకు నాలుక చూపించింది.

"అన్నయ్యా, మాకూ అచ్చం ఇలాంటిదే కావాలి. తొట్టె కొనేశాం. ఇదే సైజు. పాప మంచం పక్కనే పెడదాం అనుకుంటున్నాం, పడుకుని చూస్తుంది" అంది.

"దానికేం భాగ్యం! మేస్త్రిని పిలుస్తా. డిజైన్ నాది ఉందిగా" అన్నారు మా వారు. కాగితం మీద నాలుగు కాళ్ళు, పైన ఒక గీత గీసి ఇచ్చేశారు. మధ్యలో ఖాళీ.

మర్నాడు మేస్త్రి వచ్చాడు. ఆడపడుచూ పాపా అప్పటికే హాల్లో ఉన్నారు. కాగితం చూశాడు. మంచినీళ్ళ వంకతో వంటింటి గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"అక్కడ దొంగ తలుపు కుదరదమ్మా. ఆవిడకి తలుపులే వద్దట. కర్టెన్ అట. గుంజ పెడితే కనబడుతుంది."

"మీరు చెప్పండి, లేకపోతే పడిపోతుందని."

"చెప్పాను. 'మా ఇంట్లో ఎనిమిది నెలలుగా గుంజ లేకుండా ఉంది కదయ్యా' అన్నారు సార్. నేనేం చెప్పను? నేను చెయ్యనంటే ఇంకొకణ్ణి పిలుస్తారు. వాడు చేసేస్తాడు." నీళ్ళ గ్లాసు నా చేతికిచ్చాడు. "పాప మంచం పక్కన అంటున్నారమ్మా."

చెయ్యి తుడుచుకుని, సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసుకుని హాల్లోకి వెళ్ళాను.

"మధ్యలో గుంజ ఉండాల్సిందే" అన్నాను.

మా వారు వాళ్ళ చెల్లెలి వైపు చూసి కన్ను గీటారు. "మొదలైంది. మరి మనదానికి ఉందా?"

"ఉంది."

"ఎక్కడ?"

నేల మీద కూర్చుని గోటితో మైనం గీకాను. నాలుగు స్క్రూలు తీశాను. నడిమి తలుపు నా ఒళ్ళో పడింది. అది మూసి ఉంచిన గుంజ, కొత్తదానిలా నిగనిగలాడుతూ నిలబడి ఉంది. పాప వచ్చి గుంజను పట్టుకుంది.

మా వారి చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు అరుస్తారు, అరవనీ అనుకున్నాను. అరిస్తే, గుంజ ఉన్న సంగతి తనకు తెలియదని ఒప్పుకున్నట్టే. అది చాలు నాకు.

ఆయన అరవలేదు. నెమ్మదిగా వంగి, ఎనిమిది నెలల్లో మొదటిసారి వంగి, గుంజను వేలితో రెండుసార్లు తట్టారు.

"ఆఁ, ఇదే కదా" అన్నారు. "కనబడకూడదన్నాను గానీ, వద్దన్నానా? ఏం మేస్త్రీ?"

మేస్త్రి నోరు తెరిచి, నా వైపు చూశాడు.

"అదీ అన్నయ్య బుర్రంటే! లోపల బలం, పైకి అందం!" అంది మా ఆడపడుచు. "మరి వదినకి కూడా చెప్పకుండా ఏడిపించావా ఇన్నాళ్ళూ?"

"సరదాకి" అన్నారు మా వారు.

మేస్త్రి ముఖం మాడిపోయింది. ఫోను తీసి లైటు వేసి గుంజ మీదికి పట్టాడు. "లెక్క వేసినవాళ్ళ పేరు కూడా ఉంది సార్. చదవండి."

చదివింది మా ఆడపడుచు, మోకాళ్ళ మీద కూర్చుని, పైకి. పొడవు, వెడల్పు, ఎత్తు, కిలోలు, నా పూర్తి పేరు. ఆమె నా వైపు తిరిగింది.

"అమ్మ వదినా! అన్నయ్య చెప్తుంటే రాసి, కింద నీ సంతకం పెట్టేసుకున్నావా? గడుసుదానివే!"

"తన దస్తూరీ బావుంటుందని నేనే రాయమన్నాలే" అన్నారు మా వారు, ఉదారంగా.

నేను అప్పుడు చెప్పి ఉండాల్సిన మాటలు నాకు ఇప్పటికీ ఒక్కొక్కటే వస్తుంటాయి, అంట్లు తోమేటప్పుడు. అప్పుడు మాత్రం పాప గుంజను పట్టుకుని ఊగుతోంది, గుంజ ఊగడం లేదు. అది చూస్తూ ఉండిపోయాను.

"అయితే మాకూ గుంజ పెట్టెయ్ మేస్త్రీ. అన్నయ్య పెట్టించినట్టే" అంది ఆడపడుచు.

"పెడతానమ్మా" అన్నాడు మేస్త్రి. వెళుతూ వెళుతూ మా గుమ్మానికి మూలమట్టం ఆనించి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక మా వారు పేపరు తెరిచి, దాని వెనక నుంచి అన్నారు. "ఆ తలుపు మళ్ళీ బిగించెయ్. గుంజ కనబడుతోంది."

"స్క్రూలు కనబడ్డం లేదండీ" అన్నాను. నాలుగూ నా కొంగు ముడిలో ఉన్నాయి. మర్నాటికి తలుపు కూడా కనబడకుండా పోయింది. అది అటక మీద, ఆయన ఎక్కనిచోట ఉంది.

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా ఆయన ఆ గుంజే చూపిస్తారు. ఐదు వందల అరవై కిలోల సంగతి చెబుతారు. అంకె తప్పకుండా చెబుతారు, గుంజ మీద చూసి. వచ్చినవాళ్ళు వంగి, లెక్కంతా చదివి, నా పేరు దాకా వచ్చి ఆగుతారు. నేను బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని ఎదురు చూస్తూ ఉంటాను.

దస్తూరీ చాలా బాగుందంటారు.