పురిటి సిన్

"అమ్మాయ్, సిన్ కిందకి వెయ్యి. మీ మావయ్య అటుగానే వస్తారు" అని అత్తయ్య వంటింట్లోంచి కేకేసింది. అప్పటికే కిందకే వేశాను. ఇంటి వెనక, కోళ్ళ గూడు పక్కన, మోకాలెత్తున కట్టిన తాడు అది. ఎండ బాగా తగిలే పెద్ద దండెం వాకిట్లో ఉంది. దాని మీద చొక్కాలూ దుప్పట్లూ ఆరతాయి. ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే సిన్‌కి అక్కడ చోటు లేదు. సిన్ మగవాడి తల మీదుగా పోతే అతని మెడలోని తాయెత్తుల మహిమ పోతుంది. మా మే జెమ్ ఊళ్ళో ఈ సంగతి ఏ ఆడపిల్లకీ ప్రత్యేకంగా చెప్పరు. నడకతోపాటే వచ్చేస్తుంది. అయినా అత్తయ్య రోజూ చెబుతుంది, నేను రోజూ తప్పు చేసినదానిలా "సరే అత్తయ్యా" అంటాను.

ఆ రోజు చేతులు బట్టలు ఆరేస్తున్నా కళ్ళు వేరే సిన్ కోసం వెతుకుతున్నాయి. నల్లది, ఎర్ర అంచుది. పెళ్ళికి ముందు నాకోసం నేనే నేసుకున్నాను. నా కూతురు ఫాంగ్ పుట్టినప్పుడు నా ఒంటి మీద ఉన్నది అదే. పురిటి నెలలో నిప్పుల పక్కన పడుకుని, ఉప్పద్ది కాల్చిన జిగురన్నం ముద్దలు తింటూ, చెమటలు కారుతూ గడిపిందీ దానిలోనే. తర్వాత బూడిద నీళ్ళలో ఎంత ఉతికినా లోపలి వైపు మరక పోలేదు. అరచేయంత ఉంటుంది, తుప్పు రంగులో. పారేయలేకపోయాను. మా అమ్మ నన్ను తన పాత సిన్‌లో చుట్టి పెంచింది, నేనూ ఫాంగ్‌ని ఈ నల్ల సిన్‌లోనే చుట్టి పడుకోబెడతాను. అది లేకపోతే పిల్లకి నిద్ర రాదు. పిల్ల నిద్రపోతే నాకు నిద్ర రాదనుకోండి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చుంటాను. అది వేరే సంగతి.

మంచం కింద మూటలో పెట్టిన ఆ సిన్ కొన్నాళ్ళుగా కనిపించడం లేదు. అడగాలంటే సిగ్గు. మరక సిన్ చూశారా అని ఎవరిని అడగను? అత్తయ్య కంటపడి ఉంటుంది, అసహ్యమేసి పొయ్యిలో పెట్టేసి ఉంటుంది అనుకున్నాను. అలాంటిదాన్ని దాచుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుని ఊరుకున్నాను. ఫాంగ్ మాత్రం ఊరుకోలేదు. దుప్పట్లో పెడితే తన్నేసి ఏడ్చేది. "ఏం తల్లివే, పిల్ల ఎందుకేడుస్తోందో కూడా తెలీదా?" అని అత్తయ్య అంటే, తెలుసని చెప్పలేక తల దించుకునేదాన్ని.

నా భర్త థనావిన్ చియాంగ్‌మాయిలో చిత్రకళ చదువుకున్నాడు. నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను. అమ్మకి చూపు తగ్గి మగ్గం ఖాళీ పడితే ఇంక బడికెవరు పోతారు? మా నేతలో గుడ్డ తిరగబడి ఉంటుంది. మాకు కనిపించేది వెనక వైపు. ముళ్ళపంది ముల్లుతో పోగు పోగూ ఎత్తి రంగు దారం దూరుస్తుంటే, పువ్వు అడుగున పూస్తుంది. పెళ్ళైన కొత్తలో అతను మగ్గం కింద పడుకుని ఆ పువ్వుల్ని చూసి, "నువ్వు ఆర్టిస్టువే, తెలుసా?" అన్నాడు. ఆ ఒక్క మాట మీద చాలాకాలం బతికాను. తర్వాత తర్వాత, అతని స్నేహితులకి టీ ఇచ్చి నేను లోపలికి వచ్చేస్తుంటే, "మా ఆవిడ చేతులు బంగారం. నోరే, పాపం, దేవుడు పెట్టడం మర్చిపోయాడు" అనేవాడు. వాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఎందుకు నవ్వేదాన్నో ఇప్పటికీ తెలియదు.

ఈ ఏడు అతనికి చియాంగ్‌మాయిలో పెద్ద ప్రదర్శన దొరికింది. పాత నేతని గౌరవించే ప్రదర్శన అని చెప్పి ఊళ్ళో ఆడవాళ్ళని సిన్‌లు అడిగాడు. అందరూ ఉతికి, మడతల్లో పూలు పెట్టి మరీ ఇచ్చారు. అత్తయ్య తన పెళ్ళినాటిది ఇచ్చింది. నేను ఫాంగ్‌ని వీపున కట్టుకుని కొత్తవి నేశాను. "వీటితో ఏం చేస్తారండీ?" అని అడిగితే, "చూస్తావుగా. చెప్పినా నీకు ఎక్కదు" అన్నాడు.

మొదటి రోజు మమ్మల్నందరినీ తీసుకెళ్ళాడు. కొండ మలుపుల్లో ఫాంగ్ రెండుసార్లు కక్కితే నా రవిక తడిసింది. పాల వాసనతోనే ఆ చల్లటి పెద్ద గదిలోకి అడుగుపెట్టాను. ఎదుట గోడలకి ఏమీ లేదు. తలెత్తాను.

సిన్‌లన్నీ పైకప్పు నుంచి వేలాడుతున్నాయి. మనుషులు కట్టుకున్నట్టే, గుండ్రంగా, తెరుచుకుని. కింద నుంచి దీపాలు కొడుతున్నాయి. ప్యాంట్లూ బూట్లూ వేసుకున్న మగవాళ్ళు చేతుల్లో గ్లాసులతో వాటి కింద నిలబడి లోపలికి చూస్తున్నారు.

మావయ్య గుమ్మం దాటలేదు. తాయెత్తుల గొలుసు తీసి చేతిరుమాల్లో చుట్టి, "మోకాళ్ళు నొప్పి. నేనిక్కడే కూచుంటా" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. అత్తయ్య తన సిన్‌ని గుర్తుపట్టింది. కండువా నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈ వయసులో నన్ను విప్పి నిలబెట్టాడే వీడు" అని గొణిగింది.

థనావిన్ మైకు ముందు మాట్లాడుతున్నాడు. "మా ఊళ్ళో ఆడదాని బట్టని మైల అంటారు. మన తల్లి కట్టిన బట్ట మనకి మైల ఎలా అవుతుంది? ఇవాళ ప్రతి మగవాడూ దీని కింద నడవాలి. తలెత్తుకుని నడవాలి." చప్పట్లు మోగాయి. ఆ మాటలు నాకు అర్థమయ్యాయి, నచ్చాయి కూడా. ఇంట్లో ఒక్కసారైనా ఎందుకనలేదో, పెద్ద దండెం మీద నా సిన్ ఒక్కసారైనా ఎందుకు ఆరేయలేదో అనుకుంటూ, అందరితోపాటు చప్పట్లు కొట్టబోయాను. అప్పుడు గది మధ్యలో, అన్నిటికన్నా ఎత్తున, నల్లది కనిపించింది. ఎర్ర అంచుది. దాని దీపం సరిగ్గా మరక మీద పడుతోంది.

చెవులు కాలిపోయాయి. పిల్లని గుండెకి అదుముకున్నాను, బట్టలు లేకుండా నిలబడి ఒళ్ళు కప్పుకుంటున్నట్టు. అతను మైకు దగ్గర్నుంచి రాగానే చొక్కా అంచు పట్టుకున్నాను.

"ఏవండీ, అది నాది."

"ష్. తెలుసు. పేరేం పెట్టలేదులే. ఎవరికీ తెలీదు."

"నన్ను అడగలేదేం?"

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదు. అది అతనికీ తెలుసు. అందుకే అడగలేదని అంత మామూలుగా, నవ్వుతూ చెబుతున్నాడు.

అంతలో బాంకాక్ మ్యూజియం నుంచి వచ్చిన పిమ్రదా గారు మా దగ్గరికి వచ్చారు. తెల్ల జుట్టు, మెత్తటి గొంతు. "మధ్యలో ఉన్నది నన్ను కదిలించేసింది థనావిన్. ఎవరిది?"

"ఒక పల్లెటూరి తల్లిది. పేరు చెప్పొద్దంది" అన్నాడు. నా భుజం అతని భుజానికి తగులుతోంది.

"ఎంత ధైర్యం ఆమెకి! అది మా మ్యూజియంలోనే ఉండిపోవాలి. శాశ్వతంగా." ఆమె కళ్ళు నా మీద పడ్డాయి, నా ముఖం చూసి జాలిపడ్డాయి. "మీరూ నేస్తారా అమ్మా? చూడండి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ సిగ్గు మనకి మగవాళ్ళు నేర్పింది."

ఆమె చెప్పింది నిజమే అయి ఉంటుంది. నాకు చదువు లేదు, కాదనలేను. కానీ నా సిగ్గుని వాళ్ళు నేర్పారు సరే, దాన్ని వీళ్ళెందుకు విప్పుతున్నారు? ఇంట్లో తాడు మోకాలెత్తున కట్టమన్నప్పుడూ నన్నెవరూ అడగలేదు, ఇక్కడ కప్పుకి కట్టినప్పుడూ అడగలేదు. ఊరుకుంటే ఇంకో గంటలో దాన్ని పెట్టెలో పెట్టి పట్టుకుపోతారు. నా కూతురు పెద్దదై బాంకాక్ వెళ్ళినా ఎవరో తల్లి మరక అనుకుని కింద నుంచి చూసి వచ్చేస్తుంది. వద్దంటే మాత్రం, అది నా రక్తమేనని ఇంతమందిలో, గుమ్మంలో కూర్చున్న మావయ్య చెవిన పడేలా చెప్పాలి. ఇంకో దారి లేదు. పురిటి నొప్పుల్లో కూడా అరవకుండా పళ్ళు బిగపట్టినదాన్ని నేను.

"ఆ తల్లిని నేనే అమ్మా" అన్నాను. "ఆ మరక నాది. ఆ సిన్ నా పిల్లది. నేను ఇవ్వలేదు."

పిమ్రదా గారు థనావిన్ వైపు తిరిగారు. "ఈవిడ ఎవరు?"

"మా... మా ఆవిడ. కొంచెం భయస్తురాలండీ, పిల్ల పుట్టాక..." అని, నా చెవి దగ్గర, "ఇంటికెళ్ళాక మాట్లాడదాం. పరువు తీయకు" అన్నాడు.

"ఇంటికి దాన్ని తీసుకునే వెళ్తాను. దించమనండి."

ఎవరూ కదల్లేదు. సిన్‌లు వేలాడదీయడానికి వాడిన అల్యూమినియం నిచ్చెన గోడవార ఉంది. "పిల్లని పట్టుకోండి" అని ఫాంగ్‌ని అతని చేతుల్లో పెట్టాను. బయటి మనుషుల ముందు అతను పిల్లని ఎత్తుకోవడం అదే మొదటిసారి. మెడ కింద చెయ్యి పెట్టాడో లేదో చూసుకుని నిచ్చెన లాక్కొచ్చాను. మెట్టు మీద కాలు పెడితే ఊగింది. పట్టుకుందుకు ఒక్క చెయ్యీ రాలేదు. చివరికి అత్తయ్య వచ్చి రెండు చేతులా పట్టుకుంది. "మీ మావయ్య అంతా విన్నారే. ఇంక నేనేం చెప్పను? ఎక్కు. నాది కూడా దించు" అంది నేల చూస్తూ.

ఎక్కాను. సిన్ కట్టుకున్న ఆడదాన్ని, అంతమంది మగవాళ్ళ తలల కన్నా పైకి. కిందకి చూస్తే, అంతసేపూ ఖాళీ సిన్‌ల కింద తలెత్తుకుని తిరిగినవాళ్ళంతా, మనిషి ఉన్న సిన్ పైకి రాగానే ఒక్కొక్కరే పక్కకి తప్పుకుంటున్నారు. అందరికన్నా ముందు, పిల్లని ఎత్తుకుని గోడ దాకా జరిగిపోయింది నా భర్త.

నాకింక తొందర లేదు. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో నల్ల సిన్ కట్టిన ముడి విప్పడం మొదలుపెట్టాను.